మడత చాకు వీపు స్ప్రింగ్: టక్‌మని పడేలా చేసుకోవడం ఎలా

మడత చాకు చేద్దామనుకున్నవాళ్ళంతా ముందు బ్లేడ్ మీదే పడతారు, ఏ స్టీలు, ఏ షేపు అని. కానీ చేతిలోకి తీసుకున్నాక చాకు నచ్చిందా లేదా అనేది తేల్చేది వీపు మీద ఉండే ఆ సన్నటి స్ప్రింగే. చిన్నప్పుడు మా నాన్న మామిడికాయ కోసిచ్చి చాకు మూస్తుంటే టక్‌మని ఒక శబ్దం వచ్చేది, దానికోసమే నేను ఈ పని మొదలుపెట్టా. ఇప్పుడు బెంగళూరులో మారతహళ్ళి ఇంటి బాల్కనీలో ఒక వైస్, నాలుగు ఆకురాళ్ళు, చిన్న డ్రిల్ స్టాండ్ పెట్టుకుని చేస్తున్నా, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

స్ప్రింగ్‌కి వెనక చివర ఒక పిన్ను, మధ్యలో ఒక పిన్ను ఉంటాయి, ఆ రెండు చోట్లా అది కదలదు. మధ్య పిన్ను నుంచి ముందు కొస దాకా ఉన్న ముక్కే వంగేది. ఆ కొస బ్లేడ్ మొదట్లో ఉన్న ట్యాంగ్‌ని నొక్కిపట్టి కూర్చుంటుంది, బ్లేడ్ తిప్పితే ట్యాంగ్ మూల వచ్చి కొసని పైకి లేపుతుంది, మూల దాటగానే కొస కిందకి పడుతుంది, అదే టక్.

అందుకే నేను స్ప్రింగ్ మందం కంటే ముందు కొస ఎంత లేవాలో చూసుకుంటా. సగం తెరిచినప్పుడు కూడా ఆగే రకం చాకైతే ట్యాంగ్ దాదాపు చదరంగా ఉంటుంది. పివట్ (బ్లేడ్ తిరిగే పిన్ను) మధ్య నుంచి ట్యాంగ్ ప్రతి చదును ముఖానికి 5 మి.మీ. అనుకుందాం, అప్పుడు పదునైన మూల పివట్‌కి 7.07 మి.మీ. దూరంలో ఉంటుంది, అంటే కొస 2 మి.మీ. పైనే లేవాలి, అది చాలా ఎక్కువ, గోరు విరిగిపోయేంత బిగుతు వస్తుంది. మూలలు గుండ్రంగా రుద్ది 6 మి.మీ.కి తెస్తే లేచేది 1 మి.మీ. మాత్రమే. చాలామంది ఇది వదిలేసి స్ప్రింగ్‌ని పలచగా రుద్దుకుంటూ పోతారు, అది తప్పు.

ఇక మందం. వంగే పొడవు 50, వెడల్పు 2.5, మందం (స్ప్రింగ్ వంగే దిశలో) 3 మి.మీ. ఉంటే కొసని 1 మి.మీ. లేపడానికి సుమారు 28 న్యూటన్లు, అంటే 2.8 కిలోల బరువంత బలం కావాలి. బలం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 3ని 3.5 చేస్తే దాదాపు 60 శాతం ఎక్కువైపోతుంది, 2.5 చేస్తే 40 శాతం పైగా పడిపోతుంది. అర మిల్లీమీటరుకే ఇంత తేడా, అందుకని చివర్లో రెండేసి ఆకురాయి పోట్లు వేసి కొలుచుకోండి, తొందరపడొద్దు.

బ్లేడ్ కదలకుండా ఉన్నప్పుడు కూడా స్ప్రింగ్ కాస్త నొక్కుతూ ఉండాలి, లేకపోతే చాకు వదులుగా ఆడుతుంది. దీనికి బ్లేడ్ లేకుండా స్ప్రింగ్‌ని వెనక పిన్నుకి తగిలించి, కొస ట్యాంగ్ ముఖం ఉండాల్సిన గీత కంటే 0.4 మి.మీ. లోపలికి వచ్చేలా క్లాంప్ చేసి, అప్పుడు మధ్య పిన్ను రంధ్రం వేయండి. బ్లేడ్ ఎక్కించగానే కొస ఆ 0.4 పైకి వెళ్తుంది, నొక్కుడు దానంతటదే వస్తుంది.

స్టీలు విషయంలో పాత లారీ కమాన్ పట్టీ వాడమని చాలామంది చెప్తారు, నేను వద్దంటా. రోడ్డు మీద లక్షల సార్లు వంగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు. ఈఎన్42జె అనే స్ప్రింగ్ స్టీలు కొత్త పట్టీ కొనుక్కోండి, పట్టీ రోలింగ్ దిశ పొడవునా వచ్చేలా కోయండి. స్టీలుని వేడిచేసి గట్టిపరిచే పని బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్ళకి ఇస్తే మేలు, బ్లేడ్‌కి 58 నుంచి 60, స్ప్రింగ్‌కి 46 నుంచి 48 రాక్‌వెల్ గట్టిదనం కావాలని కాగితం మీద రాసివ్వండి, నోటితో చెప్తే రెండూ ఒకే బ్యాచ్‌లో వేసేసే ప్రమాదం ఉంది.

నా మూడో చాకు స్ప్రింగ్ సరిగ్గా మధ్య పిన్ను రంధ్రం దగ్గరే విరిగింది. విరిగిన చోటు లెన్స్‌లో చూస్తే అడ్డంగా ఎమెరీ పేపర్ గీత ఒకటి, దాని వెంబడే మొదలైన పగులు. అప్పటినుంచి పాలిష్ అంతా పొడవునే, ఆఖరికి 600 నంబరు పేపర్‌తో, రంధ్రం అంచులు కూడా రెండువైపులా మెత్తగా తీస్తా. స్ప్రింగ్ లోపలి వైపు ఎక్కడా చురుకైన మూల ఉండనివ్వకండి.

బిగించాక డయల్ గేజ్ (ఎత్తులో చిన్న తేడాలు చూపే ముల్లు కొలత పరికరం) పెట్టి తెరిచి, సగంలో, మూసి, మూడు చోట్లా స్ప్రింగ్ వీపు ఒకే ఎత్తులో ఉందా చూడండి, గేజ్ ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది. ఎక్కడ పైకి ఉందో అక్కడి ట్యాంగ్ ముఖాన్నే కొంచెం కొంచెం రుద్దాలి, స్ప్రింగ్‌ని కాదు. ఒక చుక్క నూనె వేసి యాభై సార్లు తెరిచి మూసి, బ్లేడ్ విప్పేసి కొస ఇంకా ఆ 0.4 కిందకే దిగుతోందా లేదా మళ్ళీ కొలవండి. తగ్గిందంటే స్ప్రింగ్ వంగినట్టే ఉండిపోతోందని అర్థం, టెంపరింగ్ (గట్టిపరిచాక మళ్ళీ కొంచెం వేడిచేయడం) ఎక్కువై స్టీలు మెత్తబడింది, ఇక దాన్ని పక్కన పెట్టి ఇంకో పట్టీ కోయండి.