లాకప్‌లో మనిషి చనిపోయాడని కబురొస్తే ఏం చేయాలి

గుండెపోటు వచ్చింది, ఉరేసుకున్నాడు, పారిపోతూ మేడ మీద నుంచి పడ్డాడు. క్రిమినల్ కోర్టుల్లో వకాల్తా వేసే నేను లాకప్ మరణాల్లో తరచుగా వినే కారణాలివే. ఒక్కోసారి నిజమే కావచ్చు. అయినా ఆ సంగతి తేల్చే అధికారం ఆ స్టేషన్ వాళ్లకు ఉండకూడదు.

అన్నిటికన్నా ముందు, దహనానికి తొందరపడకండి. చీకటి పడేలోపు కానిచ్చేయమని ఊరి పెద్దలే ఒత్తిడి తెస్తారు. బూడిదకు రెండోసారి పోస్టుమార్టం ఉండదు. ఆచారం ఒప్పుకుంటే పూడ్చిపెట్టండి. హైకోర్టు రీపోస్టుమార్టానికి ఆదేశిస్తే శవాన్ని వెలికి తీయవచ్చు.

కస్టడీలో మనిషి చనిపోతే పోలీసు దర్యాప్తుతో పాటు జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరిగి తీరాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆర్డీవో వచ్చి చూశారు, చాలదా అంటే చాలదు; ఆయన రెవెన్యూ అధికారి, కోర్టు మేజిస్ట్రేట్ కాదు. వీలైనంతవరకు కుటుంబానికి తెలియజేసి, విచారణలో ఉండనివ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది.

శవపంచనామా దగ్గర మీలో గుండె దిటవు ఉన్నవారొకరు నిలబడాలి. ఆ సమయంలో ఏడుపు ఆపుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా శవాన్ని బోర్లా తిప్పించి వీపు, పిరుదులు, తొడల వెనుక భాగం, అరికాళ్లు, మణికట్లు చూడండి. కమిలిన చోటు ఏ వైపున ఉంది, ఎన్ని అంగుళాలు, ఎర్రగా ఉందా, నల్లబడిందా, పసుపు తిరిగిందా, అన్నీ రాయించండి. రంగును బట్టి దెబ్బ తాజాదో పాతదో వైద్యులు కొంతవరకు అంచనా వేయగలరు. ‘శరీరంపై గాయాలు కలవు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే కోర్టులో మాకు పట్టు దొరకదు. ఒంటి మీది బట్టలు సీలు చేసినట్లు కూడా రాయించండి. చదివి వినిపించని కాగితం మీద వేలిముద్ర వేయకండి.

పోస్టుమార్టాన్ని వీడియో తీయించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995లోనే రాష్ట్రాలను కోరింది. మీరూ రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి.

స్టేషన్ సీసీ కెమెరాల దృశ్యాలు భద్రపరచాలని ఎస్పీకి, మేజిస్ట్రేటుకు అదే రోజు అర్జీ ఇవ్వండి. కనీసం ఏడాది పాటు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. అదే ఏడాది తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు, విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటుకు ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా అమర్చిన యంత్రం కనిపించింది. అందుకే ఆలస్యం చేయవద్దంటున్నాను.

మనిషిని ఎప్పుడు, ఏ బండిలో, ఎవరు తీసుకెళ్లారో, ఎవరు చూశారో రాసి పెట్టుకోండి. డి.కె.బసు కేసులో 1996లో వచ్చిన తీర్పు ప్రకారం అరెస్టు మెమోలో, అంటే అరెస్టు చేసేటప్పుడు పోలీసులు రాసే కాగితంలో, సమయం, సాక్షి సంతకం ఉండాలి. మీరు రాసుకున్న సమయానికీ మెమోలోని సమయానికీ తేడా వస్తే, అక్రమ నిర్బంధాన్ని పట్టుకునేది అక్కడే.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆపైన మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వ న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సహాయం ఉచితం.

పరిహారం ఇస్తే తీసుకోండి, అది మీ హక్కు. కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలవతి బెహెరా కేసులో 1993లో సుప్రీంకోర్టు లక్షన్నర ఇప్పిస్తూనే, బాధ్యులెవరో తేల్చి వాళ్ల మీద క్రిమినల్ కేసుతో సహా చర్యలు తీసుకుంటుందని ఒడిశా ప్రభుత్వం నుంచి ఆశిస్తున్నామని చెప్పింది. చెక్కుతో పాటు ‘మాకు ఎవరి మీదా అనుమానం లేదు’ అని రాసిన కాగితం ఇస్తే మాత్రం దాని మీద సంతకం పెట్టకండి.