తాత తిట్టాడా, పిలిచాడా? ఇంగ్లీషు ప్రిపొజిషన్లతో వచ్చే చిక్కులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. రెండూ చక్కగా వచ్చు. ఇంగ్లీషు రాసేటప్పుడే ఎట్, టు లాంటి చిన్న మాట ఒకటి, అంటే ప్రిపొజిషన్, అర్థాన్ని తిప్పేస్తుంది.

సమస్య: పిలిచిన తాత తిట్టినట్టయ్యాడు

ఏడో తరగతి అబ్బాయి సెలవుల గురించి రాస్తూ, మహేంద్రతనయ నది అవతలి ఒడ్డు నుంచి 'గ్రాండ్‌ఫాదర్ షౌటెడ్ ఎట్ మీ' అన్నాడు. "ఏం చేశావు బాబూ, తాత అంతలా తిట్టాడు?" అన్నాను. వాడు తెల్లబోయాడు. "తిట్టలేదు మేష్టారూ, అన్నానికి రమ్మని కేకేశాడు."

కారణం: 'షౌట్ ఎట్' అంటే కోపంతో మనమీద అరవడం. 'షౌట్ టు' అంటే మనకు వినబడాలని కేకెయ్యడం. బంతి 'త్రో టు మీ' అయితే పట్టుకోమని, 'త్రో ఎట్ మీ' అయితే తగలాలని.

సవరణ: ముందు తెలుగులో అడగండి. నామీద అరిచాడా, నాకు కేకేశాడా? నామీదకి విసిరాడా, నాకు విసిరాడా? 'మీద' వస్తే ఎట్, 'కు' వస్తే టు. ఈ తేడా పిల్లలకు ఇంట్లోనే వచ్చేసింది, కొత్తగా నేర్పక్కర్లేదు. సవర గిరిజన పిల్లలకు వాళ్ల సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసిన ఊరిది. ఇంటి భాష నుంచి మొదలుపెట్టడానికి నేనెందుకు వెనకాడాలి? అయితే ఈ కిటుకు అన్నిచోట్లా పనిచెయ్యదు. మనకు కోపం మనిషి మీద వస్తుంది, ఇంగ్లీషులో మాత్రం 'యాంగ్రీ విత్'. అలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

సమస్య: 'కట్ ది మ్యాంగో ఇన్ ఎ నైఫ్'

ఇలా రాస్తే మామిడికాయ కత్తి లోపలికి వెళ్లిపోతుంది. కారణం ఒడియా 'రే'. 'ఘరరే' అంటే ఇంట్లో, 'ఛురీరే' అంటే కత్తితో. రెండిటికీ ఒకటే ప్రత్యయం. 'లో'నా, 'తో'నా అని అడిగితే చాలు, పిల్లలే 'విత్' అని దిద్దుకుంటారు.

సమస్య: 'టైమ్‌కి' అన్నచోట ఏది రాయాలి?

ఇక్కడ తెలుగే సాయపడదు, మనకు రెండూ 'టైమ్‌కి'నే. గుణుపూర్ రైలు టైంటేబుల్ ప్రకారం వస్తే 'ఆన్ టైమ్'. అది కదలకముందే మనం స్టేషన్‌కి చేరితే 'ఇన్ టైమ్'. రైలు లేటయిన రోజున కూడా మనం ఇన్ టైమ్ చేరొచ్చు.

సమస్య: సెలవు చీటీ చూసి టీచరుకు కోపం వచ్చింది

ఆటల పోటీలకు ప్రాక్టీసు చేసి కాళ్లు పీకుతున్న అమ్మాయి 'ఐ యామ్ టైర్డ్ ఆఫ్ ప్రాక్టీస్' అని రాసింది. 'టైర్డ్ ఆఫ్' అంటే విసుగెత్తిందని. ఒళ్లు అలిసిందని చెప్పాలంటే 'టైర్డ్ ఫ్రమ్ ప్రాక్టీస్' అనాలి. చీటీ మళ్లీ రాయించి పంపాను.