పెళ్లి క్యాసెట్లో తెల్ల చుక్కలు పడుతుంటే

పాత పెళ్లి క్యాసెట్ పెట్టగానే బొమ్మంతా తెల్ల చుక్కలతో నిండిపోతే, క్యాసెట్ పాడైందని పడేయకండి. చాలాసార్లు తప్పు వీసీఆర్ హెడ్‌కి, అంటే టేపు మీది బొమ్మను చదివే చిన్న భాగానికి, పట్టిన మురికిదే. ఎంత ఖరీదైన ఎస్-వీహెచ్‌ఎస్ (మామూలు వీహెచ్‌ఎస్ కన్నా మెరుగైన రకం) మెషీన్‌కైనా ఈ బాధ తప్పదు.

ఆ మురికి తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, మామూలు తెల్లకాగితం చాలు. చెన్నైలో ఉన్నవాళ్లు ఆల్కహాల్ కోసం ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో అడిగి చూడండి. ప్లగ్ తీసేసి, పావుగంట ఆగి పైమూత విప్పండి. అగ్గిపెట్టెంత కాగితం ముక్కను ఆల్కహాల్‌తో తడిపి, లోపల మెరిసే గుండ్రటి డ్రమ్ (హెడ్ ఉండేది దీని మీదే) పక్కకి మెల్లగా ఆనించండి. ఆ చేతిని కదపొద్దు. రెండో చేత్తో డ్రమ్ పైభాగాన్ని నెమ్మదిగా ఐదారు చుట్లు తిప్పండి. కాగితం మీద నల్ల గీత పడుతుంది. ముక్క మార్చి, గీత పడనంతవరకు మళ్లీ చేయండి. పైకీ కిందకీ మాత్రం అస్సలు రుద్దొద్దు, హెడ్ విరుగుతుంది. దూదిపుల్ల కూడా వద్దు, పీచు హెడ్‌కి తగులుకుంటుంది. అరగంట ఆరాక క్యాసెట్ పెట్టండి.

ఎస్-వీహెచ్‌ఎస్ మెషీన్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవాళ్లు మామూలు పసుపు వీడియో కేబుల్ బదులు, వెలుగునీ రంగునీ విడివిడిగా పంపే ఎస్-వీడియో కేబుల్ వాడండి. రంగుల అంచులు శుభ్రంగా వస్తాయి, నాకైతే ఈ మెషీన్లకి పెట్టిన డబ్బు అక్కడే కనిపిస్తుంది.

టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ఆ క్యాసెట్ పెట్టొద్దు. హెడ్ మళ్లీ మూసుకుపోతుంది, ఆ బూజు మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది.