ముక్కు పైపుతో పెరిగే బిడ్డ – 4వ పాఠం: కూర్చోబెట్టడం, పాలు పట్టడం

ముక్కులోంచి పొట్టలోకి వేసిన పైపుతో పాలు తాగే, కండరాల్లో పట్టు లేక ఒళ్లు వదులుగా ఉండే పిల్లల ఇంటివాళ్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో పైపు పొట్టలోనే ఉందో లేదో చూసుకోవడం నేర్చుకున్నాం. పైపు మీద ముక్కు దగ్గర పెట్టిన గుర్తు కదలకూడదు. పైపులోంచి సిరంజితో లాగిన ద్రవం చుక్కను పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే కాగితం) మీద వేస్తే అంకె 5.5 గానీ అంతకన్నా తక్కువ గానీ రావాలి. గాలి కొట్టి చప్పుడు వినే పాత పద్ధతిని నమ్మకూడదు. ఇదంతా ప్రతి పూటా చేయాల్సిందే. పైపు దారితప్పితే మామూలు బిడ్డ దగ్గుతుంది, గింజుకుంటుంది. కండరాల్లో పట్టు లేని బిడ్డకు దగ్గు గట్టిగా రాదు, ఒక్కోసారి అసలే రాదు. బిడ్డ చెప్పలేనిది ఆ కాగితమే చెప్పాలి.

ఇక ఈ పాఠం. పేరుకు పాలు పట్టడమే గానీ సగం పైగా కూర్చోబెట్టడం గురించే ఉంటుంది. బిడ్డ కక్కుతుంటే ఇంట్లో అందరూ పాలనే అనుమానిస్తారు. చిక్కనయ్యాయా, పడటం లేదా, డబ్బా మార్చాలా అని. నేను మాత్రం ముందు నడుము చూడమంటాను. ఒళ్లు వదులుగా ఉన్న బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టినా కాసేపటికి తుంటి ముందుకు జారుతుంది, వీపు వంగుతుంది, ఛాతీ పొట్ట మీదికి కూలుతుంది. నలిగిన పొట్టలో పాలు నిలవవు, పైకి తన్నుకొస్తాయి.

అందుకే కింద నుంచి పైకి సర్దుకుంటూ రండి. ముందు తుంటి. పిర్రలు సీటు వెనక అంచుకు ఆనాలి. తొడల కింద, మోకాళ్లకు కాస్త ఇవతల, ఒక తువ్వాలు చుట్టి పెడితే ముందుకు జారడం తగ్గుతుంది. తుంటికి రెండు పక్కలా చెరో తువ్వాలు మడిచి దోపండి. పాదాలు గాల్లో వేలాడకూడదు, చిన్న పీట వేయండి. చేతులు వెనక్కి పడిపోకుండా ముందు ఒక పలక గానీ, ఒళ్లో దిండు గానీ ఉంటే వాటి మీద ఆనుతాయి. తల చివర్లో చూసుకోవాలి. తుంటి కుదిరితే తల సమస్య సగం తగ్గుతుంది.

మెడ ఇంకా నిలవని బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలని పట్టుబట్టకండి. సీటు మొత్తాన్ని వెనక్కి వాల్చండి. నేలతో పోలిస్తే వీపు కనీసం 30 డిగ్రీలు, వీలైతే 45 డిగ్రీలు పైకి ఉండాలి. నాయనమ్మలు, అమ్మమ్మలు ప్రేమతో తల కింద దిండు పెడతారు. తల ఒక్కటే లేస్తే గడ్డం గుండెకు ఆనుతుంది, ఊపిరి దారి ఇరుకవుతుంది, పొట్ట మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. వాలు నడుము నుంచే మొదలవ్వాలి.

ఎత్తుకునేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లేపవద్దు. భుజాలకు పట్టు ఉండదు, చేతుల్లోంచి జారిపోతారు. ఒక చెయ్యి పిర్రల కింద, ఇంకో చెయ్యి మెడా భుజాల వెనక ఉండాలి. డైపర్ పాలకు ముందే మార్చేయండి. నిండు పొట్టతో కాళ్లు పైకెత్తితే కక్కడం ఖాయం.

ఈ అమరిక చేతికి వచ్చేదాకా రెండు మూడు రోజులు పాలు పట్టని వేళల్లో సాధన చేయండి. పది నిమిషాల తర్వాత పక్క నుంచి ఫోటో తీసి చూస్తే ఎటు జారుతున్నారో తెలిసిపోతుంది. పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉండే డీఈఐసీ (ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు జిల్లా స్థాయిలో చికిత్స చేసే కేంద్రం) మీకు అందుబాటులో ఉంటే ఆ ఫోటో అక్కడి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. మాటల్లో చెప్పేదానికన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పుడు పాలు. గోరువెచ్చగా ఉంటే చాలు. 50 మిల్లీలీటర్ల సిరంజిలోంచి ప్లంజరు (లోపల నొక్కే కడ్డీ) తీసి పక్కన పెట్టండి. పైపును వేళ్లతో మడిచి పట్టుకుని సిరంజి తగిలించండి, లేకపోతే పొట్టలోకి గాలి పోతుంది. ముందు మీ డాక్టరు చెప్పినన్ని నీళ్లు పోయండి, తర్వాత పాలు పోసి మడత వదలండి. సిరంజి బిడ్డ పొట్టకు జానెడు పైన ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. పైకెత్తితే పాలు వేగంగా దిగుతాయి, దించితే నెమ్మదిస్తాయి. ఈ పాఠంలో చేతికి అలవాటు కావాల్సింది ఇదే. ఒక పూట పాలు దిగడానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టనివ్వండి. ఆలస్యమవుతోందని ప్లంజరు పెట్టి నొక్కవద్దు. సిరంజి పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ పోయండి.

కళ్లు సిరంజి మీద కాదు, బిడ్డ ముఖం మీద ఉండాలి. ఏడిస్తే పొట్ట బిగిసి పాలు సిరంజిలోకి ఎగదన్నుతాయి. కానీ మన పిల్లల ఏడుపు బలహీనం, పాలు కదిలినట్టే కనిపించకపోవచ్చు. కళ్లలో నీళ్లు తిరగడం, చొంగ ఉన్నట్టుండి పెరగడం, నుదుట చెమట పట్టడం, పెదవుల రంగు మారడం గమనించండి. మొదటి మూడింటిలో ఏది కనిపించినా పైపు మడిచి ఆగండి, కుదుటపడితే సిరంజి ఇంకొంచెం కిందకు పట్టి మళ్లీ మొదలుపెట్టండి. పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఊపిరి ఎగపోసినా, దగ్గు ఆగకపోయినా ఆ పూట పాలు ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అయిపోయాక మళ్లీ నీళ్లు పోసి పైపు కడగాలి, మూత పెట్టాలి. ఆ తర్వాత కనీసం అరగంట అదే వాలులో ఉంచండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మాట ఒకటుంది. ఇంట్లో అందరూ అన్నానికి కూర్చునే వేళకే బిడ్డకు పాలు పట్టండి. పోపు వాసన, కంచాల చప్పుడు, అన్నయ్య ముద్ద నములుతుంటే చూడటం, వీటితో పాటు పొట్ట నిండితే ఆకలి తీరడమంటే ఏమిటో బిడ్డకు తెలుస్తుంది. నోటికి ఏదీ ఇవ్వొద్దని డాక్టరు చెప్పిన పిల్లలకు కూడా ఈ పంక్తిలో చోటు ఉండాలి. చేతికి ఒక చెంచా ఇవ్వండి, వాళ్ల ముందు ఒక చిన్న కంచం పెట్టండి. మింగడం పరీక్షించిన థెరపిస్టు సరేనంటే, పాలు దిగుతుండగా పెదవికి చారు చుక్క అద్దండి.

వచ్చే పాఠంలో పైపు మూసుకుపోవడం గురించి చూద్దాం. రాగిజావ ఎంత పల్చన ఉండాలి, ఏ మాత్రలు నూరకూడదు అన్నవి అందులో వస్తాయి. బిడ్డ వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోండి.