సైకిలు పాఠాలు – 4: ఏ దారికి ఏ టైరు

టైరు పక్కన ఉన్న నంబరు చూసి కొనుక్కోమని పోయిన పాఠంలో రాశాను. చాలామంది పెద్ద అక్షరాల్లో ఉన్న అంగుళాలు చూసి కొనుక్కొచ్చారు. "26 టైరే తెచ్చానండీ, రిమ్ము మీద నిలవట్లేదు" అని మన విశాఖలోనే గాజువాక నుంచి ఒకరు, "28 అని రాసుంది, వదులుగా ఉంది" అని మద్దిలపాలెం నుంచి ఇంకొకరు. దారుల సంగతి తర్వాత, ముందు ఈ చిక్కు తీరాలి.

అంగుళాల నంబరు పాతకాలం పేరు, అంతే. అసలు కొలత పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, 47-559 లాగ. మొదటిది టైరు వెడల్పు. రెండోది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లే. వెడల్పు కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది కానీ రెండో నంబరు అచ్చంగా కలవాలి.

26×1.75 అంటే 559. 26×1¾ అంటే 571. 26×1⅜ అంటే 590. లెక్కల్లో 1.75, 1¾ ఒకటే, టైర్లలో కాదు! పాలక్యాన్లు మోసే నల్ల సైకిలుకి వేసే 28×1½ టైరు 635. తారుకీ మట్టికీ పనికొచ్చే మీ హైబ్రిడ్ సైకిలుది 700×35సి అయితే 622. మద్దిలపాలెం వారి టైరు వదులవడానికి కారణం ఆ 13 మిల్లీమీటర్లే. మరో విచిత్రం: 29 అని అమ్మే ఎంటీబీ (కొండదారుల సైకిలు) టైరుదీ 622 రిమ్మే. చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో చోటుంటే మీ సైకిలుకీ ఎక్కుతుంది.

షాపులో "ఇరవయ్యారు ఇవ్వండి" అనొద్దు, "ఐదొందల యాభైతొమ్మిది" అనండి. వింతగా చూస్తే చూడనివ్వండి. "గాలి కొడితే సర్దుకుంటుంది సార్" అంటే మాత్రం వినకండి. గాలి ఎక్కేకొద్దీ వదులు టైరు అంచు పక్కకి జరిగి, ట్యూబు బయటికి ఉబికి పేలుతుంది. అది కైలాసగిరి కొండ దిగుతున్నప్పుడు జరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

టైరు విప్పడం, ఎక్కించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఇక దారులు.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తారే కాబట్టి నున్నటి టైరు వేయండి. బొడిపెలుంటే వానలో జారదని చాలామంది నమ్మకం. కారు టైరు వెడల్పు, వేగం ఎక్కువ, కాబట్టి నీటి మీద తేలే ప్రమాదం ఉంది, దానికి గాడులు కావాలి. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని తనే పక్కకి తోసేస్తుంది. తారుని పట్టుకునేది రబ్బరు. బొడిపెలుంటే తారుకి తగిలే రబ్బరు తగ్గుతుంది, పైగా మలుపులో వంగుతాయి. యారాడ కొండ మలుపుల్లో ఆ వంగడం బాగా తెలుస్తుంది. వానలో అసలు జారేది రోడ్డు మీది తెల్లగీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద. తారు మీద ఇసుక పరుచుకున్న చోట ఏ టైరూ కాపాడదు. హ్యాండిల్ తిన్నగా పెట్టి, బ్రేకు పట్టకుండా దాటేయండి.

కంబాలకొండ వైపు ఎర్రమట్టి దారులకి బొడిపెలు కావాలి, అవి దూరదూరంగా ఉండాలి. దగ్గరగా ఉంటే తడిమట్టి మధ్యలో ఇరుక్కుని టైరు ముద్దయిపోతుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం ఏ టైరుతోనూ తొక్కకండి, అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ స్థలం.

సముద్రపు ఇసుకలో తొక్కాలంటే నాలుగంగుళాల ఫ్యాట్ టైరు ఉండాలి, గాలి బాగా తగ్గించాలి. నాకా సరదా లేదు. ఉప్పుకి చైను తుప్పు పడుతుంది.

నన్నడిగితే అన్నిటికీ ఒకటే జత: 35 నుంచి 38 వెడల్పు, మధ్యలో నున్నగా, పక్కన చిన్న బొడిపెలు. కొత్త టైరు ఒక్కటే కొంటే ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే పడటమే.

అభ్యాసం: టైరు పక్కన రాసిన గరిష్ఠ గాలి "ఇంత కొట్టు" అని కాదు, "ఇది దాటొద్దు" అని. 35 టైరుకి, మీ బరువు 70 కిలోల దగ్గరుంటే, 60 పీఎస్ఐతో (పంపు గేజీ చూపే గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టండి. తెల్లవారుజామున, గాలి వీచనప్పుడు, బీచ్ రోడ్డులో ఖాళీగా ఉన్న ఒక దిగుడు చూసుకోండి. ఒకే గుర్తు దగ్గర నుంచి తొక్కకుండా వదిలి, ఎక్కడ ఆగారో సుద్దతో గీయండి. 55కి, 50కి, 45కి తగ్గిస్తూ మళ్లీ చేయండి. ఒక్కో గాలికి మూడుసార్లు, ఎంత గాలికి ఎక్కువ దూరం పోతుందో తెలియడానికి. తర్వాత ఇదంతా గతుకుల రోడ్డు మీద. గేజీ లేని పంపుతో, బొటనవేలితో నొక్కి చూసి చేసిన లెక్కలు నాకు పంపకండి.