వానల ముందు పాత లారీ ఇండికేటర్ విప్పుతున్నారా?

అక్టోబర్‌లో చెన్నైకి ఈశాన్య రుతుపవనాలొస్తాయి. మాధవరం వైపు లోడుతో వచ్చే మన పాత బళ్ల ఇండికేటర్లు ఆ తడికే మొరాయిస్తాయి. చెయ్యి పెట్టేముందు ఇవి చూసుకోండి.

• ఫ్యూజు పోయిందని రాగి తీగ చుట్టొద్దు, ఎక్కువ ఆంపియర్‌ది వెయ్యొద్దు. ఎక్కడో షార్ట్ ఉండబట్టే అది పోయి ఉంటుంది. ఈసారి కాలేది వైరింగే, ఆ మంట క్యాబిన్ దాకా రావచ్చు.

• స్విచ్ విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

• ఒక పక్కే గబగబా కొట్టుకుంటోందా? రిలే (ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే చిన్న డబ్బా) కొనడానికి పరిగెత్తకండి. సాధారణంగా ఆ పక్క బల్బు పోయో, ఎర్త్ (కరెంటు బండి బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగెళ్లే దారి) అందకో అలా అవుతుంది. ఇండికేటర్ వేసి బ్రేక్ తొక్కండి. వెనక లైట్లు ఒకదానితో ఒకటి కలిసి మసకగా మిణుకుమంటే ఎర్తే. ఎర్త్ వైరు బిగించిన తుప్పు పట్టిన బోల్టు గరుకు కాగితంతో రుద్ది బిగించండి. నా అనుభవంలో చాలా బళ్లు ఇక్కడే బాగుపడ్డాయి.

• హజార్డ్ (అన్ని ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేది) వెలిగి, ఇండికేటర్ రెండు పక్కలా రాకపోతే స్విచ్చో, దాని ఫ్యూజో అనుమానించండి.

• బల్బు మీద 24 వోల్టులని ఉందా? కార్ల 12 వోల్టుల బల్బు చూడ్డానికి అలాగే ఉంటుంది, వెలిగించగానే మాడిపోతుంది.

• ఎల్‌ఈడీ వేస్తే పాత రిలే తక్కువ లోడుకు తికమకపడుతుంది. దానికి తగిన రిలే కూడా కొనాలి.