చిన్నపిల్లలకు తిన్నని గీతలు, వంపు గీతలు నేర్పే విధానం

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు గీతలను పరిచయం చేసేటప్పుడు చాలామంది పలక మీద ఒక నిలువు గీతను, దాని పక్కన ఒక సున్నాను గీసి, ఇది తిన్నని గీత, అది వంపు గీత అని చెప్పి ముగిస్తారు. పిల్లలు ఆ పేర్లను వెంటనే అప్పజెబుతారు గాని, అదే నిలువు గీతను కాస్త ఏటవాలుగా గీసి చూపితే అది తిన్నగా లేదని, పక్కకు ఒరిగిపోయిందని అంటారు. తిన్నగా ఉండటమంటే నిలువుగా ఉండటమేనన్న అభిప్రాయం వారిలో అప్పటికే స్థిరపడిపోయి ఉంటుంది. గీత ఏ వైపుకు తిరిగి ఉన్నా, మొదలైన దిశను చివరిదాకా మార్చకుండా సాగితే అది తిన్నని గీత. దిశను కొద్దికొద్దిగా మార్చుకుంటూ సాగితే అది వంపు గీత. పాఠమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే నడవాలి.

దీనికి దారాన్ని మించిన పరికరం లేదు. సుమారు ఒక మీటరు పొడవున్న మందపాటి దారం తీసుకొని, ఒక కొసను పిల్లవాడి చేతికిచ్చి, రెండో కొసను మీరు పట్టుకోండి. వదులుగా పట్టుకున్నంతసేపు దారం మధ్యలో కిందికి వేలాడి వంపు తిరిగి ఉంటుంది. ఇద్దరూ మెల్లగా వెనక్కి లాగుతూ పోతే ఆ వంపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, దారం బిగుసుకోగానే పూర్తిగా పోతుంది. ఆ క్షణంలో ఆగి, దారం వెంట వేలితో రాసి చూడమని చెప్పండి. తర్వాత బిగువు సడలకుండా మీ కొసను పైకెత్తండి, మళ్లీ కిందికి దించండి, పక్కకు జరపండి. ప్రతిసారీ ‘ఇప్పుడు తిన్నగా ఉందా?’ అని అడిగితే, ఏటవాలుగా ఉన్న దారం కూడా తిన్నగానే ఉందని పిల్లలు తమంతట తామే గ్రహిస్తారు. పని కాగానే దారాన్ని వారికి అందకుండా తీసిపెట్టాలి. మెడకు చుట్టుకొనే ప్రమాదం ఉంటుంది.

చేతితో తెలుసుకున్నది కాళ్లతో కూడా తెలుసుకోవాలి. నేల మీద సుద్దముక్కతో ఒక పొడవాటి తిన్నని గీత, ఒక వంపు గీత, మూలలు తిరుగుతూ పోయే ఒక మెలికల గీత గీసి, వాటి మీద నడిపించండి. తిన్నని గీత మీద నడిచేటప్పుడు ఎదురుగా ఒకే గుర్తును చూస్తూ పోవచ్చు. వంపు గీత మీద మాత్రం ప్రతి అడుగుకూ పాదం కొంచెం తిరగవలసి వస్తుంది. మెలికల గీత దగ్గర ఎక్కువ సమయం తీసుకోవాలి. అది అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి పిల్లలు దాన్ని వంపు గీత అనే అనుకుంటారు. మూల వచ్చినప్పుడు మాత్రమే తిరిగామని, రెండు మూలల మధ్య ఎక్కడా తిరగలేదని నడకలోనే చూపిస్తే, అది కొన్ని తిన్నని గీతలను కలిపి చేసిందని వారికి అర్థమవుతుంది.

చుట్టూ ఉన్న వస్తువుల్లో గీతలను వెతికించేటప్పుడు అంచులనే చూపించాలి. పుస్తకం అంచు, తలుపు అంచు, మూత అంచు, గిన్నె అంచు ఇందుకు సరిపోతాయి. వంపు గీతకు ఉదాహరణగా బంతిని చూపడం నాకు సరైనదిగా తోచదు. బంతికి ఉన్నది వంపు తిరిగిన ఉపరితలమే గాని, వేలు పెట్టి చూపగలిగే అంచు దానికి లేదు. ఒక కాగితాన్ని మడిచి, మడతను గోటితో గట్టిగా నొక్కి విప్పితే, స్కేలు అవసరం లేకుండానే తిన్నని గీత ఏర్పడుతుంది. అలాగే గిన్నెను బోర్లించి దాని చుట్టూ పెన్సిలు తిప్పితే చక్కని వంపు గీత వస్తుంది. ఈ రెండింటినీ పిల్లల చేతనే చేయించాలి.

గీయించే విషయంలో వయసును గమనించక తప్పదు. సాధారణంగా రెండేళ్లకు నిలువు గీతను, ఆ తర్వాత అడ్డ గీతను, మూడేళ్లకు సున్నాను, నాలుగేళ్లకు కూడిక గుర్తును చూసి గీయగలుగుతారు. ఏటవాలు గీతలు కావలసిన త్రిభుజం ఐదేళ్ల ప్రాంతంలో గాని చేతికి రాదు. అందువల్ల నాలుగేళ్ల పిల్ల గీసిన ఏటవాలు గీత వణికినా, వంగినా తప్పు పట్టకూడదు. తిన్నగా గీయాలనుకున్నావా, వంపుగా గీయాలనుకున్నావా అని అడిగి, ఆమె ఉద్దేశాన్ని బట్టి మాట్లాడాలి. కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదాని నుంచి మరొకదానికి రకరకాల దారులు గీయమనడం మంచి అభ్యాసం. వంపు దారులు ఎన్నైనా వస్తాయి, తిన్నని దారి ఒక్కటే వస్తుంది. ఒక్కో దారి వెంట దారాన్ని పరిచి కొలిస్తే అన్నింటిలోకీ తిన్నని దారే పొట్టిదని తేలుతుంది.

అంకెలు రాయడం మొదలుపెట్టిన పిల్లలైతే వాటిని కూడా ఈ దృష్టితో వేరు చేయవచ్చు. మామూలుగా రాసే తీరులో 1, 4, 7 తిన్నని గీతలతోను, 0, 3, 8 వంపులతోను ఏర్పడతాయి. 2, 5 అంకెల్లో రెండూ ఉంటాయి. 9 కాడను కొందరు తిన్నగా దించుతారు, కొందరు వంచుతారు కనుక, దాన్ని ఎక్కడ చేర్చాలో పిల్లలనే తేల్చనివ్వండి. తెలుగు అక్షరాల్లో వంపులే ఎక్కువ కాబట్టి, అక్షరాభ్యాసానికి ముందు సున్నాలు, అర్ధసున్నాలు, అలలు పెద్దవిగా గీయించడం చేతికి ఎంతో సాయం చేస్తుంది.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి చీటీల మీద గీతలు గీసి రెండు కుప్పలుగా వేరు చేయించవచ్చు. చీటీల్లో ఏటవాలు గీత, మెలికల గీత, చాలా స్వల్పంగా వంగిన గీత తప్పకుండా ఉండాలి. స్వల్పమైన వంపు దగ్గర సందేహం వస్తే, బిగించిన దారాన్ని గీత రెండు కొసల మీదుగా ఆనించి, మధ్యలో సందు కనిపిస్తోందా అని చూడమనాలి. ఏ కుప్పలో వేశారన్నదానికంటే ఎందుకు వేశారో చెప్పించడం ముఖ్యం.

ఇదంతా బాగా పట్టుబడిన ఆరేళ్ల పిల్లలకు ఒక కాగితం మీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా మూడు తిన్నని గీతలు గీసి, ఆ కాగితాన్ని నిలువు గొట్టంలా చుట్టి చూపండి. నిలువు గీత తిన్నగానే ఉంటుంది, అడ్డ గీత ఉంగరంలా చుట్టుకుంటుంది, ఏటవాలు గీత గొట్టం చుట్టూ మెలి తిరుగుతూ పైకి పోతుంది. చుట్టే ముందే ఏది ఎలా మారుతుందో ఊహించి చెప్పమని అడగండి. చిన్నపిల్లల దగ్గర ఇది చేస్తే అప్పటిదాకా నేర్చుకున్నది తారుమారవుతుంది కాబట్టి, ఏటవాలు గీతను ఏ తడబాటూ లేకుండా గుర్తుపట్టేదాకా దీన్ని ఆపి ఉంచాలి.